మా మట్టిగోడకు బాపు వేసిన సిమెంటు

ఈసారి వానలు మొదలయ్యాక నస్పూర్‌లో మా ఇంటి పడకగది గోడ చెమర్చింది. కింది నుంచి మోకాలెత్తు దాకా రంగు ఉబ్బి, పొక్కులు లేచి, చీపురు తగిలితే చాలు పొడి రాలుతోంది. మా కోడలు సంధ్య ఫోనులో వెతికి ఎవరో కుర్రవాడిని పిలిపించింది. ఇస్త్రీ బట్టలు వేసుకొని, రంగురంగుల ముక్కలు అతికించిన అట్ట ఒకటి చంకలో పెట్టుకొని వచ్చాడు. గోడను ఒక్కసారి చూసి, "ఏం ఫికర్ లేదు మేడం. పైనుంచి షీటు కొట్టేస్తం. పూల డిజైన్ కావాల్నంటే పూలు, చెక్క డిజైన్ అంటే చెక్క. పొద్దుగాల మొదలువెడితే మాపటికి మీకు గోడే కనవడది" అన్నాడు. అంటూనే పిడికిలితో గోడను తట్టాడు. లోపల బోలుగా చప్పుడైంది. ఆ చప్పుడు వినగానే మంచం మీద ఆడుకుంటున్న మనవరాలిని ఎందుకో ఏమిటో చెప్పకుండా చెయ్యి పట్టి ఇవతలికి లాగాను. పిల్ల ఏడుపు అందుకుంది.

"గోడ కనవడకుంట చేసుడు కాదు బిడ్డా, గోడకు ఏమైందో చెప్పు" అన్నాను. అతను నా వైపు చూడకుండా సంధ్య వైపు చూశాడు. "నువ్వు పోయి రా నాయనా" అన్నాను. ఆ రోజంతా సంధ్య నాతో ముభావంగానే ఉంది. మా ఇంట్లో అందరూ నాకు గోడల పిచ్చి ఉందంటారు. ఎవరింటికి పోయినా ముందు గోడ మీద చెయ్యి వేసి చూస్తాను, మంచం ఏ గోడకు ఆనించారో చూస్తాను. చుట్టాలు నవ్వుకుంటారు, నవ్వుకోనీ. పదేళ్ళ వయసులో నేనున్న గదిలో గోడ పడింది. నాతో పాటు ఆ గదిలో మా అక్క ఉంది, దాని పక్కలో అప్పుడే పుట్టిన పసిగుడ్డు ఉంది. ఆ గోడకు సిమెంటు వేసింది మా బాపు, మమ్మల్ని కన్న తండ్రి.

మాది ఖానాపూర్ పక్కన ఊరు. గూన పెంకల ఇల్లు, మూరెడు మందం మట్టిగోడలు. దర్వాజ దాటితే నడిమిల్లు. నడిమింటి వెనుక ఒక పక్క వంటిల్లు, ఇంకో పక్క అర్ర, అంటే లోపలి గది. ఈ రెంటికీ మధ్య ఒక పలుచటి అడ్డుగోడ. అర్రలోకి పోవాలన్నా రావాలన్నా నడిమింట్లోకి ఉన్న గడప ఒక్కటే. అర్ర వెనుకగోడ మాత్రం దొడ్డి వైపు ఉండేది. వానకొట్టు అంతా దాని మీదే.

ఇంటి మరమ్మతులో మగవాళ్ళకు కప్పు, ఆడవాళ్ళకు గోడలు. మృగశిర రాకముందే మగవాళ్ళు గూనలు తిరగేసేవాళ్ళు. గోడలు మాత్రం మమ్మల్ని కన్న అవ్వ, బాపును కన్న బాపమ్మ చూసుకునేవాళ్ళు. ఎర్రమన్ను జల్లెడ పట్టి, వరిగడ్డి సన్నగా కోసి వేసి, పేడ కలిపి, నీళ్ళు పోసి తొక్కి, దొడ్లో ఒక మూలకు కుప్ప పెట్టి మాగనిచ్చేవాళ్ళు. రోజులు గడిచేకొద్దీ గడ్డి మురిగి పుల్లటి వాసన లేచేది. పిల్లలం ముక్కు మూసుకొని ఉరికేవాళ్ళం కానీ, ఇప్పుడు ఎక్కడైనా ఆ వాసన తగిలితే కాళ్ళు ఆగిపోతాయి. మాగిన మట్టిని అవ్వ అరచేత్తో గోడకు మెత్తేది. ఎండాక గోడ నిండా ఆమె చేతి వంపులు అలాగే కనిపించేవి. ఆ మీద సున్నం. పగిలిన కుండలో సున్నపు రాళ్ళు వేసి నీళ్ళు పోస్తే కుతకుత ఉడికి ఆవిరి పైకి వచ్చేది. మమ్మల్ని దరిదాపులకు రానిచ్చేవాళ్ళు కాదు. అందులో చిటికెడు నీలిమందు వేసి, ఈతమట్ట చివర దంచి చేసిన కుంచెతో కొట్టేవాళ్ళు. అడుగున జానెడు ఎత్తు జాజు పట్టీ ఎర్రగా.

మా బాపమ్మ గోడ మీద చెయ్యి ఆనించి నిలబడేది, జ్వరం చూసినట్టు. తంబాకు నమలడం ఆపి, కళ్ళు మూసుకొని, "ఈడ నీళ్ళు దిగుతున్నయి. పైన గూన జరిగింది సూడుండ్రి" అనేది. ఎక్కి చూస్తే కొన్నిసార్లు జరిగే ఉండేది, కొన్నిసార్లు ఏమీ ఉండేది కాదు. ఏమీ లేకపోయినా ఆమె ఒప్పుకునేది కాదు. "మీకు కనవడలే గంతే" అని మళ్ళీ తంబాకు దవడలోకి తోసేది. అవ్వ మాత్రం మాటలు తక్కువ మనిషి. ఉబ్బిన పూత మీద కొత్త పూత పూయకూడదని, ముందు కొడవలి మొనతో రాలగొట్టాలని, తడి గోడకు సున్నం కొడితే పెచ్చులు లేస్తాయని నాకు ఆమె చెప్పలేదు, ఆమె చేస్తుంటే చూసి నేర్చుకున్నాను. నేను నలుగురికీ ఇంటి మరమ్మతుల గురించి చెప్పే మాటలన్నీ ఆ కొడవలి మొన దగ్గర నేర్చుకున్నవే.

బాపు మస్కట్ పోయేటప్పుడు ఎవుసం తప్ప ఏమీ రాని మనిషి. అక్కడ ఇటుకలు మోసీ మోసీ, మేస్త్రీల పక్కన నిలబడీ నిలబడీ, గోడలకు సిమెంటు పూత వేసే పని నేర్చుకున్నాడు. తిరిగి వచ్చినప్పుడు అందరిలాగే టేప్‌రికార్డరు, సెంటుసీసాలు తెచ్చాడు కానీ, వాటిని పిల్లల మీదికి విసిరేసి, తువ్వాలలో చుట్టుకొచ్చిన తాపీని, కర్ర పలకను, రసమట్టాన్ని మాత్రం తన దగ్గరే పెట్టుకున్నాడు. వచ్చిన వాళ్ళకల్లా రసమట్టంలో బుడగ చూపించేవాడు. "గీ బుడగ నడిమిట్ల నిలవడ్డదంటే గోడ సక్కగున్నట్టు. ఆడ దీనితోనే మేడలు కడ్తరు" అనేవాడు. ఊళ్ళో ఆయన పేరు మస్కట్ మేస్త్రీ అయిపోయింది. ఆ పిలుపు ఆయనకు ఎంత ఇష్టమంటే, విననట్టు నటించి రెండోసారి పిలిపించుకునేవాడు.

వచ్చిన కొత్తలో ఒకరోజు అవ్వ మట్టి తొక్కి వచ్చి అన్నం పెడుతుంటే, బాపు ఆమె చేతులు పట్టుకొని తిప్పి చూశాడు. వేళ్ళ సందుల్లో పగుళ్ళు, గోళ్ళ చుట్టూ సున్నం తిన్న పుండ్లు. అందరి ముందూ చెయ్యి పట్టుకున్నందుకు అవ్వ సిగ్గుతో లాక్కుంది. "మందికి పాలరాయి అసొంటి గోడలు తీర్చి వచ్చిన. నా పెండ్లాము ఇంకా పేడల చెయ్యి పెట్టుడా?" అన్నాడు బాపు. నిర్మల్ నుంచి సిమెంటు తెప్పించాడు. ఆయన పుణ్యం చేస్తున్నాననే అనుకున్నాడు. అవ్వ కూడా, నాకు తెలిసి, ఆ రోజు సంతోషంగానే ఉంది.

బాపమ్మ ఒప్పుకోలేదు. "మట్టికి సిమెంటు అంటదురా" అంది.

"అంటకపోతే అంటిపిస్త. జాలీ కొడ్త."

అన్నట్టే కోళ్ళగూళ్ళకు కట్టే ఇనుప జాలీ తెచ్చి, మట్టిగోడకు పెద్ద పెద్ద మేకులతో బిగించి, దాని మీద సిమెంటు ఎక్కించాడు. ఆ అర్ర వెనుకగోడకు బయటా వేశాడు, లోపలా వేశాడు. వీధివైపు కూడా వేశాడు. నునుపంటే నునుపు, గాజుమీద వేలు రాసినట్టు జారిపోయేది. ఊరు ఊరంతా వచ్చి చూసింది. చెయ్యి ఆనించి, "తియ్యి, పట్నం ఇల్లే" అన్నారు. ఆ ఎండాకాలం బాపుకు చేతినిండా పని. ఎవరు అడిగినా కాదనకుండా వాళ్ళ మట్టిగోడలకు జాలీ కొట్టి సిమెంటు వేసి ఇచ్చాడు. మేమంతా గొప్పగా తిరిగాం. ఆ సంవత్సరం అవ్వ మట్టి మాగబెట్టలేదు.

తడి బయటికి పోవడానికి దారి ఉండాలనే చిన్న సంగతి ఎవరికీ తట్టలేదు. మట్టిగోడ వానలో తడుస్తుంది, వాన వెలిసాక ఆరుతుంది, అంతే దాని బతుకు. సిమెంటు కట్టాక పై అంచున చూరు కింద సన్నటి చీలిక వస్తే నీళ్ళు లోపలికి దిగుతాయి, దిగిన నీళ్ళు ఆరే దారి ఉండదు. లోపల మట్టి నానుతూ ఉంటుంది, బయట నునుపు నునుపుగానే ఉంటుంది. అన్నీ తెలుసనే బాపమ్మకు కూడా అది అంతదాకా పోతుందని తెలియదు. ఆమె సిమెంటు వద్దన్నది కొడుకు మాట నెగ్గకూడదని అన్నట్టే నాకు ఇప్పటికీ అనిపిస్తుంది.

ఆ వానాకాలమే సుగుణక్క కాన్పుకు వచ్చింది. తొలి కాన్పు. అర్రలోనే కన్నది, ఆడపిల్ల. మా వైపు బాలింత పురుడు అయ్యేదాకా, అంటే మైల తీరే దాకా, గడప దాటదు. స్నానం కూడా ఆ గదిలోనే. మూలకు ఒక తూము, అక్కడ పీట. వాయిలాకు వేసి కాచిన నీళ్ళు పొద్దునా మాపూ కాగులకు కాగులు తల్లికీ బిడ్డకూ పోసేది బాపమ్మ. ఆ నీళ్ళలో సగం తూములోకి, సగం వెనుకగోడ అడుగుకు. మంచం కింద కుంపటి, వాము పొగ, సాంబ్రాణి. అక్క దగ్గర ఉండడానికి, పిల్ల ఏడిస్తే ఊపడానికి నన్ను ఆ అర్రలో పెట్టారు. బాపమ్మ నీళ్ళు పోశాక తానూ స్నానం చేసి బయటికి పోయేది, కానీ రాత్రీ పగలూ ముట్టుకునే నేను రాకూడదు. అక్క మంచం వెనుకగోడకు ఆనించి ఉండేది, నా చాప మంచానికి కాస్త ఇవతల.

ముసురు పట్టింది. మొదట్లో ఏమీ తెలియలేదు. తర్వాత ఒక పొద్దున గోడ అడుగున చెమ్మ కనిపించింది. మరునాటికి అది మంచం కోళ్ళ ఎత్తుకు వచ్చింది. అక్కకు నిద్ర పట్టేది కాదు. గోడ వైపు తిరిగి పడుకుని వింటూ ఉండేది.

"గోడల ఏదో రాల్తుందే" అంది ఒకరోజు నాతో.

నేను చెవి ఆనించాను. సన్నగా, ఇసుక జారినట్టు. కాసేపు ఆగుతుంది, మళ్ళీ జారుతుంది.

"ఎలుకలు గావచ్చు" అన్నాను. నాకు ఎలుకలంటే భయం లేదు, అందుకే ఎలుకలు కావాలని కోరుకున్నాను.

అక్క బాపమ్మకు చెప్పింది. బాపమ్మ అలవాటుగా గోడ మీద చెయ్యి ఆనించింది, కానీ సిమెంటు చల్లగా ఉందే తప్ప ఆమెకు ఏమీ చెప్పలేదు. చెయ్యి తీసి చీర కుచ్చిళ్ళకు తుడుచుకుంది. "నాకేం తెలుస్తలేదు బిడ్డా" అంది. ఆమె నోట ఆ మాట నేను ముందెన్నడూ వినలేదు.

బాపు గడప బయట నిలబడి లోపలికి చూసేవాడు. రోజూ చూసేవాడు. మొదట గొప్పగా, తర్వాత ఊరికే, ఆ తర్వాత ముఖం చిట్లించి. ఒక మధ్యాహ్నం ఎప్పుడూ లేనిది గడప దాటి లోపలికి వచ్చాడు, బాపమ్మ వద్దు వద్దంటున్నా. దూలానికి దారం కట్టి చివర రాయి వేలాడదీశాడు. దారం నిటారుగా దిగాలి. పైన గోడకు ఆనుకొని ఉన్న దారం నడిమిట్లో గోడ లోపలికి ఉబ్బి ఉండడం వల్ల వంకర పోయింది. బాపు ఆ దారాన్ని చాలాసేపు పట్టుకొని నిలబడ్డాడు.

"బిడ్డను తీసుకొని బయటికి నడువు" అన్నాడు అక్కతో.

బాపమ్మ గడపకు అడ్డంగా వచ్చి కూర్చుంది. "పురుడు కాకముందు గడప దాటుతదా? పచ్చి బాలింత. గాలి సోకితే ఎవరు జిమ్మా? నీ చెల్లె ఎట్ల పోయిందో యాది మర్సినవా?"

బాపుకు ఒక చెల్లెలు ఉండేదని, తొలి కాన్పులో పురుడు కాకముందే ఏదో పని మీద గడప దాటిందని, తర్వాత వాతం కమ్మి చచ్చిపోయిందని మా ఇంట్లో అందరికీ తెలుసు. అది గడప దాటడం వల్ల కాదని ఇప్పుడు నేను చెప్పగలను. ఆ మధ్యాహ్నం ఆ అర్రలో ఎవరూ చెప్పలేరు. బాపమ్మకు అది మొండితనం కాదు, కన్న బిడ్డ చావు.

"గోడ పడ్తదే" అన్నాడు బాపు, గొంతు తగ్గించి.

"నువ్వు సిమెంటు వేసినవు గద. పాలరాయి గోడ గద. ఎట్ల పడ్తది?"

"నేనే చెప్తున్న, పడ్తది."

ఆయన ఆ మాట అంటుంటే అక్క ఏడవలేదు. పిల్లను గుండెలకు అదుముకొని మంచం దిగి, గోడకు దూరంగా, గడపకు దగ్గరగా, అడ్డుగోడ వైపు జరిగి కూర్చుంది. దాని కళ్ళు గోడ మీదే ఉన్నాయి. గోడలో ఇసుక జారుడు ఇప్పుడు ఆగకుండా వినిపిస్తోంది. నాకు బయటికి ఉరకాలనిపించింది. కానీ గడపలో బాపమ్మ ఉంది, ఆమె వెనుక వంటింట్లోంచి వచ్చిన అవ్వ నిలబడి ఉంది.

అవ్వ బాపమ్మ నెత్తి మీదుగా లోపలికి చూసి అంది: "నీకు గడప దాటుడే కదా అడ్డం అత్తా? అడ్డుగోడ తీస్త. అటు దిక్కు నుంచి వంటింట్లకు వస్తరు. గడప తొక్కకపోతే మీ మాట దాటినట్టు కాదు గద."

"గోడ సంగతి మా పెద్దలు చెప్పలే" అంది బాపమ్మ. అది ఒప్పుకోలో కాదో ఎవరూ అడగలేదు. అవ్వ అప్పటికే వంటింట్లోకి పోయింది.

బాపు గడపలో ఉన్న బాపమ్మను దాటుకొని వంటింట్లోకి ఉరికి గడ్డపార అందుకున్నాడు. అవ్వ ఆయన చెయ్యి పట్టుకుంది. గడ్డపారతో ఒక్క పోటు పొడిస్తే ఇల్లంతా అదురుతుంది, ఆ వెనుకగోడ అప్పుడే వచ్చేస్తుంది. అడ్డుగోడ మాత్రం సిమెంటు అంటని గోడ, ఆమె చేతి మట్టి. కడవతో నీళ్ళు తెచ్చి గోడ మీద చల్లింది. మట్టి మెత్తబడ్డ చోట కొడవలితో గీరింది. మళ్ళీ నీళ్ళు, మళ్ళీ గీకుడు. కొంతసేపటికి కొడవలి పక్కన పడేసి రెండు చేతులతో తవ్వసాగింది. బాపు అటు పక్కనే ఆమెతో పాటు గోళ్ళతో తవ్వాడు. లోపలి నుంచి నేనూ అక్కా వింటున్నాం, ముందు గోకుడు, తర్వాత గడ్డిపోచలు తెగిన చప్పుడు, తర్వాత అవ్వ ఊపిరి. వెనుకగోడ అడుగున సిమెంటు పెచ్చు ఒకటి చిటిల్లి నా చాప మీద పడింది. అక్క నా మెడ పట్టుకొని తన ఒళ్ళోకి నొక్కేసింది. ఇక్కడే చస్తామని అనుకున్నాను. ఆ మాట ఎవరికీ చెప్పలేదు ఇన్నేళ్ళుగా.

మట్టిలోంచి అవ్వ వేళ్ళు బయటికి వచ్చాయి. ఆ తర్వాత చెయ్యి. "బిడ్డను ఇయ్యి" అంది. అక్క పిల్లను ఆ కన్నంలోకి అందించింది. నన్ను తోసింది. తర్వాత తనే, తుంటి దగ్గర ఇరుక్కుపోతే బాపు చంకల కింద చేతులు వేసి లాగాడు. బాపమ్మ గడప మీదే కూర్చుని ఉంది. ఆమెకు గడప దాటే అడ్డు ఏమీ లేదు, లేచి నడిమింట్లోకి పోతే చాలు. అయినా ఆమె అర్ర లోపలికి పోయి, వంగి, మంచం కింద కుంపటిని బట్టతో పట్టుకొని ఇవతలికి లాగుతోంది, ఇల్లు అంటుకుంటుందని. "కుంపటి ఇడువు" అని బాపు అరిచిన అరుపు మాత్రం నాకు గుర్తుంది. కన్నంలోంచి సగం లోపలికి దూరి, ఆమె కొంగు చేతికి చుట్టుకొని ఈడ్చాడు. ఆమె కుంపటితో సహా అడ్డుగోడ మొదట్లో పడింది.

వెనుకగోడ లోపలికి వచ్చింది. మట్టి ముందు అడుగు నుంచి జారింది. ఆ వెంటనే లోపలి వైపు సిమెంటు పూత, జాలీ బిగించిన పూత, ఒక్క పలకలాగా వంగి అక్క మంచం మీద పడింది. మంచం కోళ్ళు నాలుగూ నాలుగు దిక్కులకు విరిగాయి. కప్పు ఒక పక్కకు కుంగి గూనలు దొడ్లోకి జారాయి. దుమ్ము లేవలేదు, అంతా తడి కదా. వాన నేరుగా అర్రలోకి పడసాగింది.

బాపమ్మకు మోకాలు దోక్కుపోయింది, అంతే. కూర్చున్న చోటనే వంటిల్లు ఇప్పుడు అర్ర అయ్యిందని, పురుడు దాకా ఎవరూ అందులో వండరాదని చెప్పింది. పొయ్యి వసారాలోకి పోయింది. ఆమెను ఎవరూ కాదనలేదు. అవ్వ పిల్ల ఒళ్ళంతా తడిమి తడిమి చూసి, అప్పుడు కూలబడి ఏడ్చింది. బాపు మాత్రం కన్నంలోంచి మళ్ళీ అర్రలోకి పోయాడు. మంచం మీద పడ్డ ఆ సిమెంటు పలక అంచు పట్టుకొని ఎత్తబోయాడు, కదలలేదు. దాని మీద అరచెయ్యి ఆనించి ఈ చివర నుంచి ఆ చివరకు రాశాడు.

"పగలలే" అన్నాడు. "సూడుండ్రి. ఎక్కడ పగలలే."

ఇప్పుడు ఇది రాస్తుంటే, మట్టి ఇండ్లు బంగారం అని, చల్లన అని, పాతకాలమే మేలని ఫోనుల్లో వీడియోలు పెట్టే వాళ్ళు గుర్తొచ్చి నాకు ఒళ్ళు మండుతోంది. వాళ్ళ చేతులు ఎప్పుడైనా సున్నంలో నానాయా? మా అవ్వ చేతి పుండ్లు నేను చూశాను. బాపు కోరుకున్నది తప్పు కాదు. ఆయన కోరిక మంచిదే, చేసిన పద్ధతి గోడకు సరిపడలేదు. మట్టిగోడకు మట్టి, సున్నం. ఇటుకగోడకు సిమెంటు. ఏ గోడకైనా సరే, తడి ఎక్కడి నుంచి వస్తుందో తెలుసుకోకుండా దాని మీద ఏదీ కప్పకూడదు. పూతా వద్దు, రంగూ వద్దు, పూల షీటు అసలే వద్దు. మా పడకగది గోడను నేనే దగ్గరుండి ఇటుక కనిపించేదాకా రాలగొట్టించాను. వెనుక స్నానాలగదిలో పైపు కీలు దగ్గర కారుతోంది. అది మార్పించి, గోడను వారాల తరబడి ఆరనిచ్చాను. ఆ అందవికారం చూడలేక సంధ్య ఆ గది తలుపు మూసేసింది. తర్వాత ఆమే చెయ్యి ఆనించి చూసి, "ఆరిందత్తయ్యా" అంది. ఆ పైపు బిగించిన మేస్త్రీకి ఫోను చేస్తే, "గోడలన్నంక తడి వస్తది మేడం" అని పెట్టేశాడు. మళ్ళీ ఎత్తలేదు. అప్పటి పసిగుడ్డు ఇప్పుడు ఉట్నూర్‌లో టీచరు. దానికి ఈ కథ ఎన్నిసార్లు చెప్పినా గోడ పడే దాకానే వింటుంది, బయట పడ్డాం కదా అని నవ్వి లేస్తుంది. నాకు మాత్రం గోడ పడ్డాక జరిగిందే ముఖ్యం.

బాపు అర్రలోంచి వచ్చి సుత్తి, ఉలి తీసుకున్నాడు. గొంగడి కూడా కప్పుకోలేదు.

"ఏడికి?" అంది అవ్వ.

"ఊర్లె ఎన్ని గోడలకు వేసిన నేను?"

"వాన తగ్గినంక పో."

"వాన ఉన్నదనే పోతున్న."

నేను వెనుక నడిచాను, ఆ గందరగోళంలో ఎవరూ ఆపలేదు. అక్కను ముట్టుకున్నదాన్ని కాబట్టి ఒకరి ఇంట్లోకి పోరాదు, అందుకే వీధి నడుమ వానలోనే నిలబడ్డాను. మొదటి ఇల్లు గంగారాం కాకది, బాపుతో కలిసి పశువులు కాసిన మనిషి. ఆయన గోడకు సిమెంటు మీద పచ్చరంగు కూడా వేయించాడు. వసారాలో బీడీ కాలుస్తున్నాడు.

"నీ గోడ పలగ్గొట్టనీకి వచ్చిన" అన్నాడు బాపు.

గంగారాం కాక నవ్వాడు. బాపు నవ్వకపోవడం చూసి లేచి నిలబడ్డాడు. "నీ ఇల్లు వడ్డదని ఇప్పుడే తెలిసింది. రావాల్ననుకుంటున్న. నీది వడ్డదని నాది పడగొడ్తవా నర్సయ్యా? నా గోడ సూడు, ఎంత సక్కగున్నదో."

"నాదీ గట్లనే ఉండె."

"నువ్వే వేసినవు గద."

"నేనే వేసిన. తప్పు వేసిన. సిమెంటు తీస్తె లోపలి తడి బయటికి పోతది."

చుట్టుపక్కల వాళ్ళు వసారాల్లోకి వచ్చి చూస్తున్నారు. మస్కట్ మేస్త్రీ వానలో తల మీంచి నీళ్ళు కారుతుండగా నిలబడి ఉన్నాడు. గంగారాం కాక బీడీ పారేశాడు. "మంచి గోడను పలగ్గొడితే ఊరోళ్ళు నన్ను చూసి నవ్వుతరు. నిన్ను చూసి గూడ నవ్వుతరు."

"నవ్వనియ్యి" అన్నాడు బాపు. "గంగారాం, ఆ గోడకు ఆనుకొని లోపల ఎవరు పండుకుంటున్నరు?"

గంగారాం కాక ఆ పచ్చగోడ వైపు చూశాడు. తర్వాత లోపలికి పోయాడు. మంచం ఈడుస్తున్న చప్పుడు, "ఎందుకురా, ఎందుకురా" అని వాళ్ళ ముసలి అవ్వ గొంతు వినిపించాయి. ఆమెతో సహా ఆ మంచాన్ని నడిమింట్లోకి లాక్కొచ్చి, కాక వసారాలోకి వచ్చి, తువ్వాలతో చేతులు తుడుచుకున్నాడు.

"ఇగ కొట్టు" అన్నాడు.